అరకు వెళ్దాం.. అందరం తిరిగొద్దాం!

ఫిబ్రవరి రాగానే ఫైనలియర్‌ వాట్సప్‌ గ్రూపుల్లో ఒక మెసేజ్‌ కచ్చితంగా పడుతుంది.. ‘మామా, అరకు?’ అని. ఐదు నిమిషాల్లో పది థమ్సప్‌లు! ఎవరి బండి, ఎవరి వెనక ఎవరు, బొంగు చికెన్‌ ఎక్కడ తినాలి.. అన్నీ తేలిపోతాయి. ఒక్కరు మాత్రం మెసేజ్‌ చూసి కూడా ఏమీ అనరు. ఆఫర్‌ లెటర్‌ రానివాళ్లో, బ్యాక్‌లాగ్‌ మిగిలినవాళ్లో, ఇంట్లో డబ్బులడగడానికి మొహం చెల్లనివాళ్లో అయ్యుంటారు. ఈ కథనం ఆ పది మందికీ, ఆ ఒక్కరికీ కూడా.

‘ఉద్యోగం వెతుక్కునే టైంలో షికార్లేంటి?’ అని ఇంట్లో అంటారు. వాళ్ల భయం వాళ్లది. కానీ నాలుగేళ్లు ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లు మే నెల తర్వాత ఒకరు బెంగళూరు, ఒకరు హైదరాబాద్‌, ఒకరు సొంతూరు అని చెదిరిపోతారు. ఆ తర్వాత అందరికీ ఒకేసారి సెలవు దొరకడం కష్టం. అందుకే ఒక్కరోజు వెళ్లి రండి. కాకపోతే కాస్త లెక్క ప్రకారం వెళ్లండి. ఆ లెక్కల్లో మీ సబ్జెక్టు ఉంది, చట్టం ఉంది, ఇంటర్వ్యూకి పనికొచ్చే సరుకూ ఉంది.

ఇదే ఎందుకు మంచి టైం?

గేట్‌ పరీక్ష ఫిబ్రవరి మొదటి వారాంతాల్లో అయిపోతుంది. ప్రాజెక్టు చివరి రివ్యూకి ఇంకా టైం ఉంటుంది. వాతావరణమూ కలిసొస్తుంది. డిసెంబరు, జనవరి నెలల్లో అరకు రోడ్డు మీద కార్లు బారులు తీరతాయి. ఫిబ్రవరిలో ఆ రద్దీ తగ్గుతుంది. శివరాత్రికి చలి ‘శివ శివా’ అంటూ వెళ్లిపోతుందని పెద్దవాళ్లు అంటారు కదా.. ఆ లోపు వెళ్తే పొద్దున స్వెట్టరు, మధ్యాహ్నం టీషర్టు సరిపోతాయి.

అడవి కూడా ఇప్పుడు వేరేలా ఉంటుంది. వలిసె పూల పసుపు దాదాపు అయిపోయి ఉంటుంది. ఆకులు రాలి, కొండల ఎముకలు బయటికి కనిపిస్తాయి. మోదుగలు ఎర్రబడటం మొదలవుతుంది. కాఫీ కోత చివరికొస్తుంది. ఊళ్లల్లో కళ్లాల మీద కాఫీ గింజలు ఆరబోసి ఉంటాయి. వానాకాలంలో పచ్చగా కప్పేసిన లోయ లోతు ఎంతో, ఈ నెలలోనే సరిగ్గా తెలుస్తుంది.

విశాఖ నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట దాటి బొడ్డవర వరకు దారి దాదాపు చదునే. అక్కడి నుంచి ఘాట్‌ మొదలు. తైడ, డముకు, అనంతగిరి, గాలికొండ, సుంకరిమెట్ట.. ఇలా ఎక్కుతూ పోతే అరకు. లోయ సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంటుంది. దారిలో గాలికొండ దగ్గర అంతకంటే పైకి ఎక్కి, మళ్లీ లోయలోకి దిగుతాం.

ఇక చలి లెక్క. ఎత్తు పెరిగే కొద్దీ ప్రతి వెయ్యి మీటర్లకి ఆరు డిగ్రీల పైచిలుకు వేడి తగ్గుతుంది. అంటే విశాఖలో 20 డిగ్రీలుంటే పైన 14 ఉండాలి. కానీ పొద్దున్నే లోయలో అంతకంటే చల్లగా ఉంటుంది. రాత్రి పూట చల్లబడిన గాలి బరువెక్కి కొండల మీద నుంచి కిందకి జారి లోయ అడుగున చేరుతుంది. అందుకే పై మలుపులో ఎండ కాస్తుంటే, కింద లోయలో పాలు పోసినట్టు మంచు ఉంటుంది. ఫొటోకి అదే అందం, బండికి అదే ప్రమాదం. కాబట్టి తెల్లవారుజామున 3 గంటలకి బయల్దేరే సాహసాలొద్దు. ఆరు, ఆరున్నరకి బయల్దేరితే ఘాట్‌ ఎక్కేసరికి ఎండ పడుతుంది. మంచులో హైబీమ్‌ వేయకండి. ఆ వెలుతురు నీటి బిందువులకి తగిలి మీ కళ్లల్లోకే వస్తుంది. లోబీమ్‌ పెట్టుకుని వేగం తగ్గించడమే దారి.

బండి కంటే ముందు కాగితాలు

ఈ భాగం బోరు కొడుతుంది. అయినా చదవండి. ఎందుకంటే మన ట్రిప్పుల్లో సగం బండ్లు మనవి కావు. అన్నయ్యదో, బాబాయిదో, రూమ్‌మేట్‌దో తెచ్చుకుంటాం.

- లైసెన్స్‌ లేకుండా నడిపితే 2019 సవరణ చట్టం ప్రకారం 5 వేల రూపాయల జరిమానా. లైసెన్స్‌ లేదని తెలిసీ బండి ఇచ్చిన యజమానికీ జరిమానా ఉంటుంది. అంటే మీ సరదాకి బాబాయి కూడా కట్టాలి.

- హెల్మెట్‌ నడిపేవాళ్లకీ, వెనక కూర్చునేవాళ్లకీ తప్పనిసరి. లేకపోతే జరిమానాతో పాటు లైసెన్స్‌ని 3 నెలలు పక్కన పెట్టే వీలు చట్టంలో ఉంది. ముగ్గురు ఎక్కినా అంతే.

- బీమా పాలసీ ఒకసారి తెరిచి చూడండి. 15 లక్షల రూపాయల వ్యక్తిగత ప్రమాద బీమా అనేది బండి యజమాని తనే నడుపుతున్నప్పటికి ఉద్దేశించింది. అరువు తెచ్చుకుని నడిపే మీకు అది వర్తిస్తుందని అనుకోకండి. ఉత్త థర్డ్‌ పార్టీ పాలసీ ఉంటే వెనక కూర్చున్న స్నేహితుడికి కవరేజీ ఉందో లేదో కూడా చూస్కోవాలి.

- అద్దె బండి తీసుకుంటే నంబరు ప్లేటు నల్లగా, అక్షరాలు పసుపు రంగులో ఉండాలి. తెల్ల ప్లేటు సొంత బండిని అద్దెకి ఇస్తున్నారంటే, ప్రమాదం జరిగిన రోజున బీమా కంపెనీకి కాదనడానికి కారణం దొరికినట్టే.

- డిజిలాకర్‌, ఎంపరివాహన్‌లో చూపించే పత్రాలు చెల్లుతాయి. కానీ ఘాట్‌లో చాలా చోట్ల సిగ్నల్‌ ఉండదు. యాప్‌ తెరుచుకోదు. లైసెన్స్‌ కార్డు జేబులో పెట్టుకోండి. మ్యాప్‌ని కూడా ముందే ఆఫ్‌లైన్‌లో డౌన్‌లోడ్‌ చేసుకోండి.

లైసెన్స్‌ లేదా? సిగ్గుపడాల్సిన పని లేదు. పొద్దున్నే విశాఖ నుంచి కిరండూల్‌ వెళ్లే రైలు ఉంది. బొర్రా, అరకు స్టేషన్లలో ఆగుతుంది. సొరంగాల్లోంచి వెళ్లే ఆ దారిని చూడ్డానికే జనం వస్తారు. మీ గ్రూపులో ఇద్దరు రైల్లో వచ్చి అరకులో కలిసినా ట్రిప్పు ట్రిప్పే.

ఎక్కడం తేలిక, దిగడమే పరీక్ష

చిన్న లెక్క చేద్దాం. బండి 140 కిలోలు, మీరిద్దరూ కలిపి 130, బ్యాగులు 10. మొత్తం 280 కిలోలు. 900 మీటర్లు కిందికి దిగుతున్నారు. ఇంటర్‌లో చదివిన ఎంజీహెచ్‌ ఫార్ములానే. 280 ఇంటూ 9.8 ఇంటూ 900.. దాదాపు 25 లక్షల జౌళ్లు. దాదాపు 8 లీటర్ల మామూలు నీళ్లని మరిగే దాకా తీసుకెళ్లే వేడి అది. ఈ శక్తి ఎక్కడికో ఒక చోటికి పోవాలి. కొంత గాలికి, కొంత టైర్లకి, కొంత ఇంజిన్‌కి, మిగిలింది బ్రేకులకి. ఇంజిన్‌కి మీరు పని చెప్పకపోతే ఆ భాగం కూడా బ్రేకుల నెత్తినే పడుతుంది. బాగా వేడెక్కిన బ్రేకులు పట్టు తప్పుతాయి. లివర్‌ నొక్కుతున్నా బండి ఆగదు. దీన్నే బ్రేక్‌ ఫేడ్‌ అంటారు.

అందుకే లారీ డ్రైవర్లు చెప్పే పాత సూత్రం ఒకటుంది.. ఏ గేర్‌లో ఎక్కావో ఆ గేర్‌లోనే దిగు. రెండో గేర్‌, మూడో గేర్‌లో దిగితే ఇంజినే బండిని వెనక్కి పట్టి లాగుతుంది. క్లచ్‌ నొక్కి పెట్టి జారనివ్వడం, పెట్రోలు మిగులుద్దామని ఇంజిన్‌ ఆపేయడం.. ఈ రెండూ ఘాట్‌లో ప్రాణం మీదకి తెస్తాయి. బ్రేకుని అదే పనిగా నొక్కి పట్టుకోకుండా, మలుపుకి ముందు గట్టిగా నొక్కి, వదిలి, చల్లబడనివ్వండి. వేగం మలుపు లోపల కాదు, మలుపుకి ముందే తగ్గాలి.

స్కూటర్‌ మీద వచ్చేవాళ్లు ఇంకాస్త జాగ్రత్త. బెల్టుతో నడిచే స్కూటర్‌లో గేర్‌ తగ్గించే వీలుండదు. వేగం బాగా తగ్గితే క్లచ్‌ విడిపోయి ఇంజిన్‌ పట్టు కూడా పోతుంది. కాబట్టి రెండు బ్రేకులూ కలిపి వాడుతూ, ప్రతి ఐదారు కిలోమీటర్లకి కాసేపు ఆగండి. 125 సీసీ దాటిన బండ్లకి ఏబీఎస్‌ తప్పనిసరి అయింది 2019 ఏప్రిల్‌ నుంచి. అంతకుముందు కొన్న పాత బండ్లకి అది లేకపోవచ్చు. మీ చేతికొచ్చిన బండికి ఉందో లేదో తెలుసుకోండి. ఏబీఎస్‌ చక్రం బిగుసుకుపోకుండా కాపాడుతుంది. అంతేగానీ వేడెక్కిన బ్రేకుని చల్లబరచదు.

ఇంకో నియమం. కొండ మీద ఎదురెదురుగా రెండు బండ్లు వచ్చి దారి ఇరుకైతే, ఎక్కేవాళ్లకి దారివ్వాలి. దిగేవాళ్లే ఆగాలి. అవతల ఏముందో కనిపించని మలుపులో హారన్‌ కొట్టి, మీ ఎడమ పక్కనే ఉండండి. రోడ్డు పనులు జరిగే చోట కంకర, ఇసుక పోసి ఉంటాయి. వాటి మీద ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా పట్టారంటే బండి పడిపోతుంది.

మెకానికల్‌, ఆటోమొబైల్‌ విద్యార్థులూ.. ఇంటర్వ్యూలో ‘ఇంజిన్‌ బ్రేకింగ్‌ అంటే ఏంటి’ అని అడిగితే పుస్తకంలోని నిర్వచనం అందరూ చెబుతారు. డముకు మలుపుల్లో మూడో గేర్‌ నుంచి రెండుకి మార్చినప్పుడు ఏం జరిగిందో చెప్పగలిగేవాళ్లు కొద్దిమందే.

చివరి బండిదే వేగం

ఐదారు బండ్లు కలిసి వెళ్తున్నప్పుడు ప్రమాదం సాధారణంగా మొదటి బండికి రాదు. మొదటివాడు తనకి వచ్చినట్టు నడుపుతాడు. వెనకవాడు వాడిని అందుకోవాలని తనకి రాని వేగంలో నడుపుతాడు. అక్కడ వస్తుంది సమస్య. కాబట్టి బయల్దేరే ముందు టీ కొట్టు దగ్గరే మూడు నిర్ణయాలు తీసుకోండి.

ఒకటి, ముందు బండి నిదానంగా నడిపేవాళ్లది. అందరికంటే బాగా నడిపేవాళ్లు చివర్లో ఉండాలి. ఎవరి బండి ఆగినా చివరివాళ్లు చూస్తారు. చివరి బండిని దాటి ఎవరూ వెనక ఉండకూడదు.

రెండు, ఎవరికి వారు తమ వెనక బండి అద్దంలో కనిపించేలా చూసుకోవాలి. కనిపించకపోతే వేగం తగ్గించాలి. అయినా కనిపించకపోతే రోడ్డు వెడల్పుగా ఉన్న చోట ఆగాలి. ఇలా ఒకరి తర్వాత ఒకరు ఆగితే ఫోన్‌ సిగ్నల్‌ లేకపోయినా మొత్తం గ్రూపు ఆగిపోతుంది.

మూడు, డబ్బులు ఒకరి దగ్గరే. ఒక్కో బండికి రాకపోకలు, అటూ ఇటూ తిరగడం కలిపి 260 కిలోమీటర్లు అనుకోండి. ఘాట్‌ వల్ల మైలేజీ తగ్గి లీటరుకి 43 వచ్చిందనుకుంటే 6 లీటర్లు. లీటరు 110 రూపాయల లెక్కన 660. మనిషికి 330. తిండి, టికెట్లు, పార్కింగ్‌ కలిపితే తలకి వెయ్యి రూపాయల లోపు అయ్యేలా ప్లాన్‌ చేయొచ్చు. ఈ అంకె ముందే గ్రూపులో పెట్టండి. ‘చూద్దాంలే, ఖర్చు ఎంతవుతుందో’ అన్న మాట డబ్బులున్నవాళ్లకి తేలిక. లేనివాళ్లు ఆ ఒక్క మాటకే రాకుండా ఆగిపోతారు.

ఆ ఒక్కరి సంగతి

మా బ్యాచ్‌ అరకు వెళ్లింది 2020 ఫిబ్రవరిలో. ఎనిమిది మందిమి, నాలుగు బండ్లు. ముగ్గురికి ఆఫర్లున్నాయి. ఐదుగురికి లేవు. ఆ ఐదుగురిలో ఒకడు డిప్లొమా చేసి సెకండియర్‌లో చేరినవాడు. ఒక బ్యాక్‌లాగ్‌ ఉండటంతో క్యాంపస్‌ డ్రైవ్‌లకి వాడిని కూర్చోనివ్వలేదు. రానన్నాడు. ‘బండి బాగా నడిపేది నువ్వే, చివర్లో నువ్వు లేకపోతే ఎలా’ అని పట్టుబట్టి తీసుకెళ్లాం. అది ఓదార్పు మాట కాదు. నిజంగానే వాడే మాకు చివరి బండి.

చాపరాయి దగ్గర రాళ్ల మీద కూర్చున్నప్పుడు వాడే అడిగాడు, ‘మీ ఇంటర్వ్యూల్లో ఏం అడిగార్రా?’ అని. అప్పటిదాకా ఆఫర్లున్నవాళ్లెవరూ వాడి ముందు ఆ టాపిక్‌ ఎత్తలేదు. వాడు బాధపడతాడని. నిజానికి వాడికి కావాల్సింది ఆ సమాచారమే! తర్వాత గంటన్నర అక్కడే మాక్‌ ఇంటర్వ్యూ. ఆ ముగ్గురూ అడగడం, మిగతా ఐదుగురం చెప్పడం. నవ్వులు, తిట్లు, మధ్యలో మొక్కజొన్న పొత్తులు.

నెల తిరిగేసరికి లాక్‌డౌన్‌. 2020 మార్చి 25 నుంచి దేశమంతా ఇళ్లల్లోనే. ఆఫర్లున్న ముగ్గురిలో ఇద్దరికి జాయినింగ్‌ నెలల తరబడి వెనక్కి జరిగింది. ఒకరికి ఆఫరే పోయింది. అరకులో ఉన్నవాళ్లు, లేనివాళ్లు అని రెండు గుంపులుగా ఉన్న మేం అందరం ఒకే గుంపయ్యాం. రోజూ రాత్రి 9 గంటలకి కాల్‌ పెట్టుకుని ఎవరు ఎక్కడ అప్లయ్‌ చేశారో చెప్పుకునేవాళ్లం. ఆ కాల్‌ పెట్టింది మా చివరి బండివాడే. వాడు ఊళ్లో ఉంటూనే బ్యాక్‌లాగ్‌ పూర్తి చేశాడు. సాఫ్ట్‌వేర్‌ టెస్టింగ్‌ నేర్చుకుని, 2021లో చిన్న కంపెనీలో చేరాడు. మొదటి జీతం పెద్దదేం కాదు. అయినా మా ఎనిమిది మందిలో ఇంటికి డబ్బు పంపిన మొదటివాళ్లలో వాడొకడు.

ఇందులో అద్భుతం ఏమీ లేదు. ఆఫర్‌ లెటర్‌ చేతికొచ్చినా చేరే దాకా అది కాగితమే. ఆఫర్‌ రాకపోవడం కూడా అలాంటిదే, ఆ రోజుకి సంబంధించిన వార్త మాత్రమే. మీ గ్రూపులో ఉద్యోగం వచ్చినవాళ్లుంటే, రానివాళ్ల ముందు మౌనంగా ఉండటం మర్యాద అనుకోకండి. ఏ రౌండ్‌లో ఏం అడిగారు, రెజ్యూమెలో ఏ లైను చూసి ప్రశ్న వేశారు, ఎక్కడ రిఫరల్‌ పనిచేస్తుంది.. ఇవి చెప్పండి. ఉద్యోగం రానివాళ్లు మీరైతే, సిగ్గుపడకుండా అడగండి. ఒక మధ్యాహ్నం సరిపోతుంది.

దారి పొడవునా కొలువులే

బైక్‌ మీద పోతూ చూసేవాటిలో మీ బ్రాంచికి సంబంధించినవి ఎన్నో ఉన్నాయి.

సివిల్‌ వాళ్లు పక్కనే కనిపించే రైలు మార్గాన్ని చూడండి. కొత్తవలస - కిరండూల్‌ లైను. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ పోర్టుకి తెచ్చి జపాన్‌కి పంపడానికి 1960ల్లో ఈ కొండల్ని తొలిచి వేశారు. 58 సొరంగాలు. దారిలోని శిమిలిగుడ స్టేషన్‌ సముద్ర మట్టానికి 996 మీటర్ల ఎత్తులో ఉంటుంది. కంప్యూటర్‌ డిజైన్‌ లేని రోజుల్లో ఆ వాలు ఎలా లెక్కేశారో ఆలోచిస్తే సర్వేయింగ్‌ పుస్తకం మళ్లీ తెరవాలనిపిస్తుంది.

జియాలజీ చదివేవాళ్లకి బొర్రా గుహలే ప్రయోగశాల. సున్నపురాయిని నీళ్లు కరిగించి చేసిన గదులవి. తూర్పు కనుమల్లో కనిపించే ఖోండలైట్‌ అనే రాయికి ఆ పేరు ఖోండు ఆదివాసీల నుంచి వచ్చింది. ఒక తెగ పేరు ప్రపంచమంతా చదివే పాఠ్యపుస్తకాల్లో నిలిచిపోయింది.

సైన్స్‌, అగ్రికల్చర్‌, ఫుడ్‌ టెక్నాలజీ వాళ్లు కాఫీ తోటల దగ్గర ఆగండి. నీడ కోసం నాటిన సిల్వర్‌ ఓక్‌ చెట్లు, వాటి మీదకి పాకిన మిరియాల తీగలు, కింద కాఫీ. ఒకే ఎకరంలో మూడు అంతస్తుల వ్యవసాయం. అరకు వ్యాలీ అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతకు రెండేళ్ల ముందే అరకు పేరుతో పారిస్‌లో దుకాణం తెరిచారు. గింజ కోయడం నుంచి కప్పులోకి వచ్చేదాకా ఆరబెట్టడం, వేయించడం, రుచి చూసి గ్రేడ్‌ చేయడం అన్నీ నైపుణ్యాలే. కేంద్ర ప్రభుత్వానికి చెందిన కాఫీ బోర్డు, కాఫీ క్వాలిటీ మేనేజ్‌మెంట్‌లో పీజీ డిప్లొమా నడుపుతుంది. ‘కాఫీ రుచి చూడటం కూడా ఉద్యోగమా’ అని నవ్వకండి. అవును, ఉద్యోగమే.

అడవి నచ్చినవాళ్లకి ఇంకో దారి ఉంది. యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్‌ ఫారెస్ట్‌ సర్వీస్‌ పరీక్షకి ఇంజినీరింగ్‌ డిగ్రీ ఉన్నవాళ్లూ అర్హులే. సివిల్స్‌కీ దీనికీ ప్రిలిమ్స్‌ ఒకటే. ఈ సంగతి తెలియక చాలామంది దరఖాస్తులో ఆ గడి ఖాళీగా వదిలేస్తున్నారు.

ఇక చివరగా మీరు కూర్చున్న బైకే. ఈ కొండల్లో రోడ్డు లేని గూడేలు ఇప్పటికీ ఉన్నాయి. అక్కడ గర్భిణులని డోలీ కట్టి మోసుకొస్తారు. పెద్ద అంబులెన్సు పోలేని దారుల కోసం, 2018లో బైక్‌ పక్కన పడక అమర్చిన ఫీడర్‌ అంబులెన్సులని మన్యంలో తిప్పడం మొదలుపెట్టారు. కుదుపు తగ్గించే సస్పెన్షన్‌ ఎలా ఉండాలి? వాలులో పడక ఒరిగిపోకుండా ఏం చేయాలి? సిగ్నల్‌ లేని గూడెం నుంచి కబురు ఎలా అందాలి? ప్రాజెక్టు టాపిక్‌ దొరకట్లేదని బాధపడే జూనియర్లకి ఈ మూడు ప్రశ్నలు ఇవ్వండి.

ఒక్క సంచి చాలు, జీవితం తారుమారు

ఇది రాయకపోతే ఈ కథనానికి అర్థం ఉండదు. ఈ దారుల్లో చెక్‌పోస్టులు ఉన్నది గంజాయి కోసం. రవాణాకి కాలేజీ కుర్రాళ్లని వాడుకోవడం తెలిసిన సంగతే. ‘తమ్ముడూ, ఈ సంచి ఎస్‌.కోట బస్టాండులో మావాడికి ఇచ్చెయ్‌, పెట్రోలు డబ్బులిస్తా’.. అడిగేది ఇంతే.

ఎన్‌డీపీఎస్‌ చట్టం ప్రకారం గంజాయి కిలో లోపు దొరికినా ఏడాది దాకా జైలు శిక్ష పడొచ్చు. కిలో దాటితే పదేళ్ల దాకా. 20 కిలోలు దాటితే తక్కువలో తక్కువ పదేళ్లు, ఇరవై ఏళ్ల దాకా. బెయిలు కూడా కష్టం. ‘సంచిలో ఏముందో నాకు తెలియదు’ అంటే సరిపోదు. మీకు తెలుసనే కోర్టు ముందు అనుకుంటుంది, తెలియదని నిరూపించుకోవాల్సింది మీరే. బండిని జప్తు చేసే అధికారమూ ఉంది. ఆ బండి మీ బాబాయిది.

సర్కారీ కొలువు వస్తే పూర్తి చేయాల్సిన అటెస్టేషన్‌ ఫారంలో అరెస్టులు, కేసుల గురించి అడుగుతారు. ప్రైవేటు కంపెనీల్లో బ్యాక్‌గ్రౌండ్‌ వెరిఫికేషన్‌ ఉంటుంది. కాబట్టి ఎవరి సంచీ మోయకండి. తెలియనివాళ్లకి లిఫ్ట్‌ ఇవ్వకండి. టీ తాగడానికి ఆగినప్పుడు మీ బ్యాగులు మీ కళ్ల ముందే పెట్టుకోండి. గ్రూపులో ఎవరైనా ‘ఒక్కసారి ట్రై చేద్దాం’ అంటే, ఆ మాట దగ్గరే ట్రిప్పు ఆపేయండి.

ఊరు వాళ్లది, మనం చుట్టాలం

2022 ఏప్రిల్‌ 4న ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి మీరు అడుగుపెట్టాక, రోడ్డుకి అటూ ఇటూ ఉన్నవి ఆదివాసీల ఇళ్లు, పొలాలు. వాళ్లని అడగకుండా ఫొటోలు తీయకండి. కళ్లంలో ఆరబోసిన గింజల మీద కాళ్లు పెట్టకండి. వారపు సంతలో కొంటే, షాపింగ్‌ మాల్‌లో అడగని బేరం అక్కడా అడగకండి. రాలిన ఆకులు ఎండి కరకరలాడే రోజులివి. అడవులు అంటుకునే కాలం ఇప్పుడే మొదలవుతుంది. క్యాంప్‌ఫైర్‌ సరదాలు వద్దే వద్దు. రిజర్వు ఫారెస్టులో నిప్పు పెట్టడం నేరం కూడా. సీసాలు, ప్లేట్లు బ్యాగులో వేసుకుని తిరిగి తెచ్చేయండి.

దారిలో ఎవరికైనా ప్రమాదం జరిగితే ఆగండి. 108కి గానీ 112కి గానీ ఫోన్‌ చేయండి. సాయం చేసినవాళ్లని కేసుల్లో ఇరికిస్తారన్న భయం వద్దు. మంచి ఉద్దేశంతో సాయపడినవాళ్లకి మోటారు వాహనాల చట్టంలోని 134ఏ సెక్షన్‌ రక్షణ ఇస్తుంది. పేరు చెప్పమని బలవంతపెట్టే వీలు కూడా లేదు.

ఇంటర్వ్యూలో ఎలా చెప్పాలి?

రెజ్యూమెలో హాబీలు దగ్గర ‘బైక్‌ రైడింగ్‌, ట్రావెలింగ్‌’ అని రాసేవాళ్లు చాలామంది. ‘అయితే చివరిగా ఎక్కడికెళ్లారు, మీరేం చేశారు?’ అని అడిగితే ‘ఫ్రెండ్స్‌తో బాగా ఎంజాయ్‌ చేశాం సర్‌’ దగ్గర ఆగిపోతారు. దాని బదులు ఇలా చెప్పి చూడండి: ‘పది మందిమి, ఐదు బండ్లు. ఖర్చు తలకి వెయ్యి దాటకూడదని ముందే అనుకున్నాం. నేను చివరి బండి. మధ్యలో ఒకరి క్లచ్‌ కేబుల్‌ తెగింది. స్పేర్‌ ఉంది కాబట్టి అరగంటలో మార్చాం. చీకటి పడేలోపు ఘాట్‌ దిగాలి కాబట్టి ఒక వ్యూపాయింట్‌ వదిలేశాం’. ఇందులో ప్లానింగ్‌, బడ్జెట్‌, టీమ్‌వర్క్‌, సమస్య వచ్చినప్పటి నిర్ణయం అన్నీ ఉన్నాయి. ఆ మాటలు మాత్రం ఒక్కటీ వాడలేదు. అయితే జరిగిందే చెప్పండి. జరగనిది చెబితే రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

అందుకే వెళ్లొచ్చిన రాత్రే పది లైన్లు రాసి పెట్టుకోండి. ఏది అనుకున్నట్టు జరిగింది, ఏది జరగలేదు, అప్పుడేం చేశారు. ఇంటర్వ్యూ ఆరు నెలల తర్వాత వచ్చినా ఆ వివరాలు మీ దగ్గర ఉంటాయి.

ఆఖరి మాట టైం గురించి. ఫిబ్రవరిలో సాయంత్రం ఆరుకల్లా పొద్దుగూకుతుంది. కొండల నీడ వల్ల ఘాట్‌లో చీకటి ఇంకా ముందే పడుతుంది. మధ్యాహ్నం రెండున్నర, మూడు మధ్య అరకులో బండ్లు తిప్పండి. చూడాల్సిన చోటు ఇంకొకటి మిగిలిపోతుంది. మిగలనివ్వండి. బొడ్డవర చేరాక అందరూ ఆగి తలలు లెక్కపెట్టుకోండి. టీ తాగండి. అక్కడి నుంచి రోడ్డు చదునే.

సోమవారం పొద్దున మళ్లీ జాబ్‌ పోర్టళ్లు, అప్లికేషన్లు, ఆప్టిట్యూడ్‌ టెస్టులు ఉంటాయి. మెసేజ్‌ చూసి ఏమీ అనకుండా ఊరుకున్నవాళ్లు గుర్తున్నారుగా? వాళ్లకి ఇప్పుడే ఫోన్‌ చేయండి. గ్రూపులో మెసేజ్‌ కాదు, ఫోన్‌.